రాత్రి షిఫ్టు, మండే కళ్ళు: బ్లూ కట్ అద్దాలకన్నా ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఇంటి నుంచే అమెరికా క్లయింట్‌కి రాత్రి షిఫ్టు చేస్తున్నాను. పది గంటలు ల్యాప్‌టాప్, ఆ తర్వాత పడుకుని ఫోన్. కొన్ని నెలలుగా కళ్ళు మండుతున్నాయి, నీరు కారుతోంది. షిఫ్టు చివరికొచ్చేసరికి నుదురు పట్టేస్తోంది. లేచి కిటికీలోంచి చూస్తే ఎదురు బిల్డింగ్ కాసేపు మసగ్గా కనిపిస్తోంది. నాలుగేళ్ళుగా మైనస్ 1.5 అద్దాలు వాడేదాన్ని. ఈమధ్య షాపులో కంప్యూటర్ టెస్టింగ్ చేసి 2.25 అని చెప్పి, నీలి కాంతిని ఆపుతాయంటూ బ్లూ కట్ అద్దాలు ఇచ్చారు. ఏమీ తేడా లేదు, తలనొప్పి ఇంకా పెరిగింది. మెడికల్ షాపులో ఎరుపు తగ్గడానికి చుక్కలు ఇచ్చారు, అవి రోజూ వేసుకుంటున్నాను. అమ్మ నందివర్ధనం పూలు పెట్టుకోమంటోంది. చూపు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ముందు మీ భయం గురించి చెబుతానమ్మా. స్క్రీన్ చూడడం వల్ల పెద్దవాళ్ళకు చూపు పోదు. ల్యాప్‌టాప్ వెలుగుకి రెటీనా కాలిపోవడం, కంటి నరం దెబ్బతినడం జరగవు. అలాగని మీ బాధ తీసిపారేసేది కాదు. మంట నిజం, తలనొప్పి నిజం, రెంటికీ కారణాలున్నాయి, ఆ కారణాలు చాలావరకు సరిచేసుకోగలిగినవే. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, కంటి పరీక్షల గదిలోనే ఏళ్ళుగా ఉన్నాను. మీలాంటివాళ్ళు రెండు మూడు కళ్ళజోళ్ళు, నాలుగు రకాల చుక్కల సీసాలు కొనేశాక వస్తారు. పరీక్ష ముందు, కొనడం తర్వాత జరగాలి. అది తిరగబడుతోందన్నదే నా బాధ.

మీరు రాసినదాంట్లో రెండు వేరువేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. మంట, ఎరుపు, నీరు కారడం కంటి పైపొర ఆరిపోవడం వల్ల వచ్చేవి. నుదురు పట్టేయడం, లేచాక దూరం మసకబారడం కంటి లోపలి కండరం అలిసిపోవడం వల్ల వచ్చేవి. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. చుక్కలు ఎన్ని వేసినా మీ తలనొప్పి తగ్గకపోవడానికి కారణం అదే.

నీళ్ళు కారుతుంటే కళ్ళు ఆరిపోవడమేంటి అని అందరూ అడుగుతారు. కన్నీరు ఉత్త నీరు కాదు. కంటికి అంటుకునే జిగురు పొర, దాని మీద నీటి పొర, ఆ నీరు ఆవిరైపోకుండా పైన పలచటి నూనె పొర. ఈ కూర్పు చెడితే కంటికి మంట పుడుతుంది. ఆ మంటకి కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీటిని కుమ్మరిస్తుంది. అందులో నూనె, జిగురు సరిపడా ఉండవు కాబట్టి అది కంటిని పట్టుకుని నిలవదు, బుగ్గ మీదికి జారిపోతుంది. కన్ను మళ్ళీ ఎండుతుంది.

పరీక్షలో దీన్ని కళ్ళారా చూస్తాం. ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు మందు పూసిన కాగితపు పట్టీని తడిపి రెప్ప లోపల తాకిస్తాం. నీలి వెలుగు వేసి చూస్తే కంటి ముందుభాగమంతా ఆకుపచ్చగా మెరుస్తుంది. అప్పుడు రెప్ప వెయ్యొద్దని చెప్పి సెకన్లు లెక్కపెడతాం. బాగున్న కంట్లో పది సెకన్ల దాకా ఆ పచ్చదనం చెదరదు. స్క్రీన్ మీద పనిచేసేవాళ్ళలో తరచూ మూడు నాలుగు సెకన్లకే ఒక నల్లటి మచ్చ పుట్టి, చూస్తుండగానే పక్కకి పాకుతుంది. అక్కడ కన్నీటి పొర చిట్లి, కార్నియా అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర గాలికి బయటపడిందన్నమాట. శరీరంలో నొప్పి తెలిసే నరాలు బాగా ఒత్తుగా ఉండే చోట్లలో కార్నియా ఒకటి. ఇసుక పడ్డట్టు గరగరలాడడం అందుకే.

ఇప్పుడు రెప్పపాటు లెక్క చూడండి. ఊరికే కబుర్లు చెప్పుకునేటప్పుడు మనం నిమిషానికి సుమారు 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద మనసు పెట్టి చూస్తుంటే అది 5, 6 సార్లకి పడిపోతుంది. అంటే పది పన్నెండు సెకన్లకి ఒకసారి. పొర నాలుగో సెకనుకే చిట్లిపోతుంటే, ప్రతి రెప్పపాటుకీ మధ్య ఆరేడు సెకన్లు కన్ను ఎండుతూ కూర్చుంటుంది. ఇలా పది గంటలు. దీనికి స్క్రీన్ వెలుగుతో సంబంధం లేదు. స్క్రీన్ లేకుండా కూర్చుని ముత్యాలు గుచ్చినా ఇదే జరుగుతుంది.

దీనికి తోడు అరకొర రెప్పపాటు ఒకటి. పైరెప్ప సగం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది, కింది రెప్పని తాకదు. రెప్పల అంచుల్లో వెంట్రుకల వెనక వరసగా నూనె గ్రంథులుంటాయి, మీబోమియన్ గ్రంథులంటాం. రెప్పలు రెండూ గట్టిగా కలిసినప్పుడే వాటి నుంచి నూనె బయటికొస్తుంది. నెలల తరబడి సగం రెప్పలే వేస్తే ఆ నూనె గ్రంథిలోనే చిక్కబడిపోతుంది. పరీక్షలో రెప్ప అంచు నొక్కితే మామూలుగా నూనె పలచగా, తేటగా రావాలి. వీళ్ళలో టూత్‌పేస్ట్‌లా గట్టిగా వస్తుంది.

కాబట్టి మీరు మొదలుపెట్టాల్సినది రెప్పల దగ్గర. కళ్ళు మెల్లగా మూయండి, రెండు సెకన్లు ఆగండి, తెరవండి. మళ్ళీ మూసి రెండు సెకన్లు ఆగి, రెప్పలు రెండూ కాస్త గట్టిగా అదమండి, తెరవండి. గంటకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదారు పర్యాయాలు చేయండి. మీటింగ్‌లో మీ వంతు కానప్పుడు చేయొచ్చు, ఎవరికీ తెలియదు. కొన్ని వారాలకు ఇది అలవాటులో పడుతుంది.

షిఫ్టు అయ్యాక వేడి కాపడం పెట్టండి. శుభ్రమైన నూలు గుడ్డ, మణికట్టు మీద పెడితే ఓర్చుకోగలిగేంత వేడి నీళ్ళు. గుడ్డ ముంచి పిండి, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు. గుడ్డ ఒకటి రెండు నిమిషాలకే చల్లారిపోతుంది, మళ్ళీ ముంచుకోవాలి. చాలామంది ఒకసారి పెట్టి, చల్లారిన గుడ్డతోనే కూర్చుంటారు. అలా చేస్తే నూనె కరగదు. తర్వాత చేతులు కడుక్కుని వేలితో పైరెప్పని పైనుంచి కిందికి, కింది రెప్పని కిందినుంచి పైకి వెంట్రుకల వైపు మెత్తగా నిమరండి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు.

చుక్కల మందు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఎరుపు తగ్గించే చుక్కల్లో సాధారణంగా నాఫజోలిన్ లాంటి మందు ఉంటుంది. అది కంటి రక్తనాళాలని బిగిస్తుంది కాబట్టి కన్ను నిమిషాల్లోనే తెల్లబడుతుంది. ప్రభావం దిగగానే నాళాలు మునుపటికన్నా ఉబ్బుతాయి. మళ్ళీ వేస్తారు, మళ్ళీ ఎరుపు. మీ కళ్ళు ఎర్రగా ఉండడానికి ఇప్పుడు ఆ చుక్కలే సగం కారణం కావచ్చు. ఆపేయండి. రెండు మూడు రోజులు ఎరుపు ఎక్కువగా కనిపిస్తుంది, కంగారు పడకండి.

అంతకన్నా ప్రమాదం స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. మన దగ్గర మెడికల్ షాపులో చీటీ లేకుండానే చేతికొచ్చేస్తాయి, వేసిన రోజే హాయిగా ఉంటుంది కాబట్టి జనం వదలరు. సీసా మీద చిన్న అక్షరాల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లలో ఏదున్నా, డాక్టర్ రాయకుండా వాడొద్దు. నెలల తరబడి వాడితే కొందరికి కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా వస్తుంది, శుక్లం వస్తుంది. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. స్క్రీన్ చేయని నష్టం చుక్కలు చేయగలవు. ఈ సమాధానంలో మిగతాదంతా మర్చిపోయినా సరే, ఇంటికెళ్ళి సీసా వెనక ఆ పేర్లు చదవండి.

మీకు కావాల్సినది తేమనిచ్చే చుక్కలు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం అని రాసి ఉండేవి సరిపోతాయి. రోజుకు మూడు నాలుగు సార్లు, మంట మొదలయ్యాక కాకుండా షిఫ్టు మొదలవగానే ఒకసారి. నాలుగుసార్లకి మించి అవసరం పడితే ప్రిజర్వేటివ్ లేని రకం అడగండి, ఎందుకంటే చాలా సీసాల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ అదే పనిగా పడితే కంటి పైపొరకే మంచిది కాదు. సీసా తెరిచిన తేదీ దాని మీద రాసుకోండి. మామూలు సీసా అయితే నెల దాటాక మిగిలినా పారేయాలి.

ఇక అమ్మగారి నందివర్ధనం పూలు. మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుని పావుగంట పడుకుంటే హాయిగానే ఉంటుంది, ఆ పావుగంట కళ్ళు మూసుకుని ఉంటారు కాబట్టి పొర కూడా కోలుకుంటుంది. అమ్మ మాట కాదనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఆ పువ్వు తుంచితే తొడిమ దగ్గర పాలు కారతాయి, అవి కంట్లో పడితే మండుతుంది. కడిగి, పాలు పోయాకే పెట్టుకోండి. పూలరసం, తేనె, ఇంట్లో చేసిన గులాబీ పన్నీరు, చనుబాలు లాంటివి మాత్రం కంటి లోపల వేయొద్దు. వాటితో ఇన్ఫెక్షన్ వచ్చి కార్నియా పుండు పడితే మిగిలేది మచ్చ.

ఇప్పుడు తలనొప్పి సంగతి. నా లెక్కలో మీ కేసులో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

దగ్గరి వస్తువు చూడాలంటే కంటి లోపల సీలియరీ కండరం బిగుసుకుని కటకాన్ని ఉబ్బెత్తుగా మార్చాలి. ఆ శ్రమని డయాప్టర్లలో కొలుస్తాం. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మానిటర్‌కి సుమారు 1.7 డయాప్టర్లు, 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న ఫోన్‌కి 4. మీ వయసులో కండరం మొత్తం శక్తి సుమారు 6 డయాప్టర్లు. అందులో సగం వరకే ఎక్కువసేపు వాడితే ఇబ్బంది ఉండదని మా వృత్తిలో లెక్క. అంటే ల్యాప్‌టాప్ మీ పరిధిలోనే ఉంది. పొద్దున్నే పడుకుని ముఖం మీదికి పెట్టుకున్న ఫోన్ పరిధి దాటేసింది. పది గంటల షిఫ్టుకన్నా, ఆ చివరి అరగంట ఫోనే కండరాన్ని ఎక్కువ నలుపుతోందేమో చూసుకోండి.

ఈ లెక్కలోకి మీ కొత్త అద్దాలు తెచ్చి కలపండి. 38 ఏళ్ళకి మైనస్ పవర్ సాధారణంగా నిలకడగా ఉంటుంది. ఒక్కసారి 0.75 పెరిగిందంటే నేనైతే వెంటనే నమ్మను. షాపులో గడ్డం ఆనించి, లోపల బొమ్మ చూడమంటారే, ఆ యంత్రం పేరు ఆటోరిఫ్రాక్టోమీటర్. అది మంచి యంత్రమే, కానీ అది ఇచ్చేది మొదటి అంచనా మాత్రమే. కండరం అలసటతో బిగుసుకుపోయి ఉంటే లేని మైనస్‌ని చూపిస్తుంది. ఆ అంచనాతో మొదలుపెట్టి, అద్దాలు మార్చడానికి వీలుండే ట్రయల్ ఫ్రేమ్ మీ కళ్ళకి పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ, ఎంత తక్కువ మైనస్‌తో అక్షరాలు స్పష్టంగా చదవగలరో చూడాలి. అనుమానం ఉంటే చుక్కలు వేసి కండరాన్ని సడలించి మళ్ళీ చూడాలి. ఇందుకు సమయం పడుతుంది, యంత్రం చీటీ ఒక్క నిమిషంలో వస్తుంది. మైనస్ ఎక్కువైతే అక్షరాలు నల్లగా, చురుగ్గా కనిపిస్తాయి కాబట్టి షాపులో మీకూ బాగుందనిపిస్తుంది. కానీ ఆ అదనపు 0.75ని రోజంతా మీ కండరమే మోయాలి. ఫోన్ చూసేటప్పుడు 4 కాస్తా 4.75 అవుతుంది. తలనొప్పి కొత్త అద్దాల తర్వాత పెరిగిందని మీరే రాశారు. లేచాక ఎదురు బిల్డింగ్ కాసేపు మసకగా ఉండి తర్వాత తేటపడడం కూడా, బిగిసిన కండరం వెంటనే వదలకపోవడానికి గుర్తే. పాత 1.5 అద్దాలు ఉంటే పరీక్ష అయ్యేదాకా స్క్రీన్ పనికి అవే పెట్టుకోండి. బండి నడపడానికి దూరం సరిగ్గా కనిపించే జోడే వాడండి.

పవర్ ఒక్కసారిగా పెరగడానికి ఇంకో కారణం షుగర్. రక్తంలో షుగర్ బాగా పెరిగితే కటకం మారి మైనస్ పెరిగినట్టు కనిపిస్తుంది. రాత్రి షిఫ్టులు, వేళతప్పిన తిండి ఉన్నాయి కాబట్టి పరగడుపున, తిన్నాక ఒకసారి పరీక్ష చేయించుకోండి.

చత్వారం కూడా లెక్కలో పెట్టుకోండి. మన దగ్గర చాలామందికి 38, 40కే మొదలవుతుంది. వయసైపోయిందని దాన్ని దాచిపెట్టి నెట్టుకొచ్చేవాళ్ళు నాకు వారానికొకరు కనిపిస్తారు. ఇందులో సిగ్గు పడేదేమీ లేదు. స్క్రీన్ దూరానికి సరిపడేలా విడిగా ఒక జోడు చేయించుకుంటే, మెడ ఎత్తి, దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాల అడుగు భాగంలోంచి మానిటర్ చూసే తిప్పలు తప్పుతాయి. సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్ని వైపులా సమానంగా లేకపోతే వచ్చేది) ఉంటే, చిన్నదే కదా అని వదిలేయొద్దని కూడా చెప్పండి. దూరం చూపుకి అడ్డురాని 0.5 సిలిండర్ పది గంటల స్ప్రెడ్‌షీట్ దగ్గర అడ్డొస్తుంది.

బ్లూ కట్ పూత సంగతి క్లుప్తంగా. 2023లో కాక్రేన్ సంస్థ 17 అధ్యయనాలని కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూ కట్ అద్దాలు కంటి అలసటని తగ్గించకపోవచ్చని తేల్చింది. అమెరికా కంటి వైద్యుల సంఘం కూడా వీటిని సిఫార్సు చేయడం లేదు. ఆరుబయట పగటి వెలుగులో ఉండే నీలి కాంతి ముందు స్క్రీన్‌ది చాలా తక్కువ. పెట్టుకుంటే నష్టం లేదు. కానీ ఆ డబ్బు సరైన పరీక్షకి పెట్టి ఉంటే మీకు ఈపాటికి తలనొప్పి తగ్గేది.

గది విషయానికొస్తే, రాత్రి షిఫ్టు వాళ్ళ ఇళ్ళలో నేను ఎప్పుడూ వినే మాట ఒకటుంది: పిల్లలు లేస్తారని లైటు ఆర్పేస్తాం. చీకటి గదిలో వెలుగుతున్న స్క్రీన్ ఒక్కటే ఉంటే కంటిపాప పెద్దదవుతుంది, అక్షరాల అంచులు చెదురుతాయి, సిలిండర్ ఉన్నవాళ్ళకి మరీను. స్క్రీన్ వెనక గోడ మీద పడేలా చిన్న టేబుల్ ల్యాంప్ పెట్టండి, పిల్లల మీద పడదు. స్క్రీన్ వెలుగుని ఆ గోడ వెలుగుకి దగ్గరగా తగ్గించండి. డార్క్ మోడ్ కూడా అంతే, నల్లటి తెర మీద తెల్లక్షరాలు చుట్టూ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంటే మామూలు తెరకే మారిపోండి. అక్షరాల సైజు 125 శాతానికి పెంచండి, ముందుకి వంగడం దానంతటదే తగ్గుతుంది.

స్ప్లిట్ ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకూడదు. కుర్చీ జరపడానికి వీల్లేకపోతే ఏసీ రెక్కలు పైకి తిప్పండి. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి కాస్త దిగువన, చేయి చాపినంత దూరంలో ఉండాలి. చూపు కిందికి వాలితే పైరెప్ప కూడా దిగుతుంది, గాలికి తెరుచుకునే భాగం తగ్గుతుంది. అందుకని మానిటర్‌ని మరీ ఎత్తులో, గోడ టీవీలా పెట్టుకోవడం కంటికి మంచిది కాదు.

20-20-20 అని మీరు వినే ఉంటారు, ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లు ఇరవై అడుగుల దూరం చూడమని. జెఫ్రీ ఆన్షెల్ అనే అమెరికా ఆప్టోమెట్రిస్ట్ గుర్తుండేందుకు వీలుగా చెప్పిన సూత్రమది. అంకెలు పట్టుకుని వేలాడక్కర్లేదు. పనికొచ్చేది, కండరం సడలేంత దూరం చూడడం. ఆరు మీటర్ల పొడవైన గది అపార్ట్‌మెంట్లో ఎక్కడ దొరుకుతుంది? బాల్కనీలోకి వెళ్ళి వీధి చివరి లైటు చూడండి. ఫోన్ చేతిలో పట్టుకుని వెళ్తే ఆ విరామం లెక్కలోకి రాదు. నీళ్ళ సీసా టేబుల్ మీద కాకుండా వంటింట్లో పెట్టుకుంటే అలారం అవసరం ఉండదు.

నిద్ర చాలకపోతే కన్నీరు తగ్గుతుంది. జలుబుకి వేసుకునే సిట్రిజిన్ లాంటి మాత్రలు, మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ కూడా కళ్ళని ఎండబెడతాయి. ఇలాంటివి వాడుతుంటే కంటి డాక్టర్‌కి చెప్పండి. ఇంట్లో బడి వయసు పిల్లలుంటే వాళ్ళ సంగతి వేరు, పెరిగే కంట్లో దగ్గరి పని ఎక్కువై ఎండ తగ్గితే మైనస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. రోజూ రెండు గంటలు బయట ఆడనివ్వండి.

కొన్ని లక్షణాలు స్క్రీన్ అలసట కిందికి రావు. ఒక కంట్లో చూపు హఠాత్తుగా తగ్గడం, మెరుపులు మెరిసి నల్లటి చుక్కలు ఒక్కసారిగా పెరగడం, పక్కనుంచి తెర దిగినట్టుండడం, కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి పుట్టడం, లైట్ల చుట్టూ రంగుల వలయాలతో తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం. వీటిలో ఏదొచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఖర్చుకి వెనకాడే పరిస్థితి ఎవరికైనా ఉంటే మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది. బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలోనూ డబ్బు పెట్టుకోలేనివాళ్ళకి ఉచితంగా చూస్తారు.

మీరు పరీక్షకి వెళ్ళేముందు ఒక పని చేయండి. మీ కుర్చీలో మామూలుగా కూర్చుని కంటి నుంచి స్క్రీన్ దాకా, ఫోన్ దాకా టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాసుకోండి. రెండు జోళ్ళూ, వాడిన చుక్కల సీసాలన్నీ సంచిలో వేసుకోండి. షిఫ్టు నుంచి నేరుగా వెళ్ళకండి, నిద్రపోయి లేచాక వెళ్ళండి, లేకపోతే అలిసిన కండరం మళ్ళీ అదే తప్పు పవర్ చూపిస్తుంది. అక్కడ మూడు విషయాలు అడగండి: చుక్కలు వేసి పవర్ చూడమని, కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తోందో చెప్పమని, స్టెరాయిడ్ చుక్కలేమైనా వాడి ఉంటే కంటి ఒత్తిడి కొలవమని. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరివి కనిపించవు, వెలుతురు భరించలేరు. ఆ రోజు షిఫ్టుకి సెలవు పెట్టుకుని, తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళండి.